పొలమారిందా?

అన్నం తింటుండగా ఎవరికైనా పొలమారిందంటే చాలు... అమ్మ నెత్తిన మెల్లగా తట్టి 'ఎవరో తలచుకుంటున్నారు' అంటుంది. తలచుకున్నవాళ్ల సంగతేమో గానీ, ఆ దగ్గుతో గొంతు ఓ ప్రమాదాన్ని తప్పిస్తుంది!

నోట్లోంచి దిగే ముద్దకీ, ముక్కులోంచి వచ్చే గాలికీ గొంతులో కొంతదూరం దారి ఒకటే. ఆ తర్వాత ముందున్నది శ్వాసనాళం, వెనక ఉన్నది అన్నవాహిక. ముద్ద ముందుదారిలో పడకుండా వెనకదారి పట్టాలి. అందుకోసం ముప్ఫైకి పైగా కండరాలు వరస తప్పకుండా పనిచేస్తాయి.

కణతల మీద వేళ్లుంచి పళ్లు బిగిస్తే ఉబ్బేది దవడను పైకి లాగే కండరమే. చెంప వెనక గట్టిపడేది మరొకటి. నలిగిన ముద్దను నాలుక వెనక్కి నెట్టగానే మెత్తటి అంగిలి లేచి ముక్కుదారి మూస్తుంది. స్వరపేటిక పైకి లేస్తుంది. స్వరతంత్రులు దగ్గరవుతాయి. ఉపజిహ్విక మూతలా వాలుతుంది. ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. గుటక వేసినప్పుడు మెడ ముందు ఎగిరిపడేది ఆ స్వరపేటికే.

మాటలోనూ వీటిదే పని. 'ప' అనడానికి పెదాలు కలవాలి. 'త' అంటే నాలుక కొన పళ్లను తాకాలి. 'క' అంటే నాలుక వెనకభాగం అంగిలిని అంటాలి. 'ఆ' అనాలంటే దవడ దిగాలి. మాటకు స్వరతంత్రుల మధ్యనుంచి గాలి రావాలి, మింగడానికి అవే మూసుకోవాలి. రెండూ ఒకేసారి కుదరవు. తింటూ మాట్లాడొద్దని పెద్దలన్నది మర్యాద కోసమే కాదన్నమాట!

పక్షవాతం, పార్కిన్సన్స్ లాంటి జబ్బుల్లో ఈ వరస తప్పుతుంది. మాట ముద్దగా వస్తుంటే మింగడమూ కష్టమవుతోందేమో చూడాలి. తింటుంటే దగ్గు, నీళ్లు తాగాక గొంతులో గరగర, బుగ్గలో మిగిలిపోయే మెతుకులు, ముక్కులోంచి వచ్చే నీళ్లు, మాటిమాటికీ జ్వరం... ఇవన్నీ హెచ్చరికలే. కొందరికి దగ్గు కూడా రాదు. ఆహారం చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది.

అలాంటివారిని పడుకోబెట్టి, ప్రేమ కొద్దీ చెంచాతో నీళ్లు పోయడం ప్రమాదం. పక్షవాతం వచ్చిన మనిషికి మింగే శక్తి ఉందో లేదో పరీక్షించేదాకా నోటి ద్వారా ఏమీ పెట్టకూడదు. తినొచ్చని వైద్యులు చెప్పాక నిటారుగా కూర్చోబెట్టాలి. చిన్న ముద్దలు పెట్టి, ఒకటి దిగాకే మరొకటి అందించాలి. తిన్నాక అరగంట దాకా పడుకోనివ్వకూడదు. కొందరికి పల్చటి నీళ్లకన్నా చిక్కటి జావే తేలిగ్గా దిగుతుంది. ఎవరికి ఏది నప్పుతుందో స్పీచ్ థెరపిస్టు చెబుతారు. మాటలు నేర్పే ఆ నిపుణులే మింగడాన్నీ నేర్పుతారు మరి.

ఎప్పుడో ఓసారి పొలమారితే నవ్వుకోవచ్చు. ఇంట్లో పెద్దాయనకు రోజూ పొలమారుతోందంటే మాత్రం... ఎవరు తలచుకున్నారా అని ఆలోచించకుండా, వెంటనే డాక్టరుకి చూపించాల్సిందే!