డిప్లొమా చదివితే ఏడాది దండగా?

మొన్న ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత రేపల్లె దగ్గరి పల్లె నుండి వచ్చిన ఒక తల్లి నన్ను ఆపింది. "అయ్యగారూ, మా అమ్మాయి పది ప్యాసైంది. పాలీసెట్ కూడా రాసింది. వాళ్ల మేనమామేమో, అప్పు చేసైనా పట్నంలో ఇంటర్‌లో వేయండి, డిప్లొమా చదివితే ఏడాది దండగ అంటున్నాడు. ఏం చేయమంటారు?" ఆ అప్పుకు తాకట్టు పెట్టవలసినది వారికున్న అరెకరమే.

"వేళ్లు మడిచి లెక్క వేద్దామమ్మా" అన్నాను. పది తరువాత ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు. మొత్తం ఆరు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు. ఆ తరువాత ఈసెట్‌లో మంచి ర్యాంకు వస్తే బీటెక్ రెండవ సంవత్సరంలోనే చేర్చుకుంటారు. ఇంకా మూడేళ్లు. ఇదీ ఆరే! పైగా డిప్లొమా చేతిలో ఉంటుంది. ఇంటి పరిస్థితి బాగులేక అక్కడే ఆగవలసి వచ్చినా దానితో పని వెదకుకొనవచ్చు.

మొదటి సంవత్సరం ఎందుకు మినహాయిస్తారు? డిప్లొమాలో నేర్చినదానిని ఆ చదువుకు సమానంగా ఎంచుతారు గనుక. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల పిల్లలకు కూడా ఇటువంటి దారి ఉంది. హైస్కూలులోనే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే పరీక్షలు రాస్తారు. 1 నుండి 5 వరకు స్కోరు ఇస్తారు. చాలా కళాశాలలు 3 వచ్చినా క్రెడిట్లు ఇస్తాయి, కొన్ని 4 లేక 5 అడుగుతాయి. "మావాడు ఏపీ పరీక్షలు రాశాడు" అని అక్కడి బంధువులు ఫోనులో చెబితే ఆంధ్రప్రదేశ్ పరీక్షలనుకోకండి!

అయితే ఈ దారి తేలికైనదేమీ కాదు. ఈసెట్ 200 మార్కులకు ఉంటుంది. గణితానికి 50, భౌతిక, రసాయన శాస్త్రాలకు 25 చొప్పున, చదివిన బ్రాంచికి 100. డిప్లొమాలో కనీసం 45 శాతం మార్కులుండాలి, రిజర్వేషను ఉన్నవారికి 40 శాతం. బీటెక్ తరగతిలో పక్కన కూర్చునేవారు ఇంటర్‌లో రెండేళ్లు గణితం నూరి వచ్చినవారు. అందుచేత డిప్లొమా మొదటి ఏటి నుండే గణితాన్ని అశ్రద్ధ చేయరాదు.

మరొక మాట. అన్ని డిప్లొమాలకూ ఈ లెక్క వర్తిస్తుందనుకోవద్దు. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల, 1981లో ఇంజినీరింగు కళాశాల వెలిశాయి. ఇంజినీరింగు డిప్లొమావారికి ఈసెట్, వ్యవసాయ డిప్లొమావారికి అగ్రిసెట్. రెండూ వేరు. ఏ డిప్లొమాకు ఏ సంవత్సరంలో చేర్చుకుంటారో డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోండి. తెనాలి వెళ్లి రావడానికి ఒక పూట పోతుందని వెనుకాడితే, తరువాత ఒక ఏడాదే పోవచ్చు.

ఇంతసేపూ ఆ పిల్ల తల్లి వెనుకనే నిలబడి ఉంది. "నీకేది ఇష్టమమ్మా?" అని అడిగాను. "మా ఇంట్లో ఫ్యాను నేనే బాగుచేశానండి. ఎలక్ట్రికల్ చదువుతాను" అంది. తల్లి ఆశ్చర్యంగా కూతురి వంక చూసింది. అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదట.

తల్లిదండ్రులారా, అప్పుకు వెళ్లేముందు రెండు పనులు చేయండి. లెక్క వేయండి. బిడ్డనూ అడగండి. ఆ అమ్మాయి ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఉంది. అరెకరం తాకట్టు పడలేదు.