గుణదల కొండ: మాత కంటే ముందు అనాథ పిల్లలు

విజయవాడలో గుణదల మాత కొండెక్కేవారిలో క్రైస్తవులు కానివారూ చాలామందే. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. ఫ్రాన్స్‌లోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న మేరీమాత దర్శనమిచ్చారని కథోలికుల నమ్మకం. అందుకే ఇక్కడి ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9న మొదలై 11న ముగుస్తాయి.

అయితే ఇక్కడ ముందు వెలిసింది గుడి కాదు, అనాథ పిల్లల ఆశ్రమం. ఉత్సవాల సందడిలో ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. సెయింట్ జోసెఫ్స్ పేరుతో నడిచిన ఆ ఆశ్రమానికి రెక్టరుగా ఉన్న ఫాదర్ పి. అర్లాటి 1924లో మాత విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. క్రీస్తు మరణానికి 1900 ఏళ్లు నిండాయని కథోలికులు జూబిలీ జరుపుకున్న 1933లో కొండ మీద 18 అడుగుల ఇనుప శిలువ నిలిచింది. బెజవాడకు సొంత మేత్రాసనం, అంటే బిషప్ పాలనా ప్రాంతం, 1937లో వచ్చింది. చర్చి పూర్తయింది మాత్రం 1971లో. అప్పటికి మాత విగ్రహం వయసు 47 ఏళ్లు.