గుమ్మం దగ్గరి నొప్పి

ఊపిరితిత్తికి నొప్పి తెలియదు. మెత్తటి స్పాంజిలాంటి ఆ అవయవంలో నొప్పిని పసిగట్టే ఏర్పాటు లేదు. నొప్పి తెలిసేది దాని చుట్టూ ఎదురొమ్ము గోడకు లోపలివైపు అతుక్కుని ఉండే పొరకీ, ఎముకలకీ, కండరాలకీ. అందుకే ఊపిరితిత్తిలో మొలిచిన గడ్డ నెలల తరబడి చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. వేరే దేనికో తీయించిన ఎక్స్‌రేలో బయటపడుతుంది. మరి ఉన్నన్నాళ్లూ నొప్పి పెట్టని గడ్డను తీసేసి, తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదన్న రిపోర్టు చేతికొచ్చి, ఆరు నెలలు గడిచాక కూడా పక్కటెముకల దగ్గర బిగదీసినట్టు ఎందుకుంటుంది?

గదిలోని సామాను బయటికి తేవడానికి గుమ్మాన్ని విరగ్గొట్టాల్సి వచ్చింది. ఇప్పుడు బాధపడుతున్నది ఆ గుమ్మం.

మన ఛాతీ 12 జతల పక్కటెముకల పంజరం. ప్రతి ఎముకకూ కింది అంచున చిన్న గాడి ఉంటుంది. అందులో పైన సిర, దాని కింద ధమని, అన్నిటికన్నా కింద నరం. ఎముక చాటు ఆ నరానికి అంతంతమాత్రమే. సర్జన్ లోపలికి వెళ్లాల్సింది సరిగ్గా ఆ ఎముకల సందులోంచే. పెద్ద కోత పెట్టి చేసే ఆపరేషన్‌లో రెండు ఎముకల మధ్య ఉక్కు పరికరం ఒకటి పెట్టి, పిడి తిప్పుతూ సందును వెడల్పు చేస్తారు. అర్జెంటీనా సర్జన్ ఫినోకియెట్టో పేరుతో ప్రపంచమంతా వాడుతున్నారు దీన్ని. లారీ కింద పెట్టే జాకీ గుర్తుందా, పని అదే, దిశే వేరు. ఆ ఒత్తిడికి నరం నలుగుతుంది. తిరిగి ఎముకలను దగ్గరికి లాగి కుట్లు వేసేటప్పుడు మరోసారి నొక్కుకుపోవచ్చు. రక్తం, నీరు బయటికి పోవడానికి పెట్టే గొట్టం కూడా ఏదో ఒక సందులోంచే రావాలి.

అయినా ఒకప్పటితో పోలిస్తే ఇది సున్నితమైన పని. 1933 ఏప్రిల్‌లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహం క్యాన్సర్ కోసం ఒక రోగి ఎడమ ఊపిరితిత్తిని మొత్తంగా తీసేశాడు. మిగిలిన ఖాళీ పూడాలని పక్కటెముకలను కూడా కొన్నిటిని తొలగించాడు. ఆ రోగి స్వయానా డాక్టరు. ఆ తర్వాత దాదాపు 30 ఏళ్లు బతికాడు. సిగరెట్లకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1950లో బయటపెట్టినవాళ్లలో గ్రాహం ఒకడు. చాలాకాలం సిగరెట్లు తాగినవాడు కూడా. 1957లో అదే జబ్బుతో, తన రోగి కన్నా ముందే పోయాడు.

ఇప్పుడు చాలాచోట్ల చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి, ఎముకలను జాకీతో ఎత్తకుండానే పని ముగిస్తున్నారు. ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూసిన డెన్మార్క్ పరిశోధన 2016లో వెలువడింది: ఆపరేషన్ తర్వాతి ఏడాదిలో కెమెరా పద్ధతి వాళ్లకే నొప్పి తక్కువ. తక్కువే తప్ప లేకుండా పోదు. రంధ్రం చిన్నదైనా అందులో పరికరాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే నరం మీద ఒరుసుకుంటుంది. పెద్ద కోత అయినవాళ్లలో సుమారు మూడోవంతు నుంచి సగం మందికి ఆరు నెలల తర్వాతా ఎంతోకొంత నొప్పి ఉంటుంది. ఎక్కువమందికి అది ఓర్చుకోగలిగేదే. కొద్దిమందికి మాత్రం నిద్ర పట్టనివ్వదు.

చెయ్యి విరిగితే పిండికట్టు వేసి కదలకుండా ఉంచుతారు. ఛాతీకి ఆ భాగ్యం లేదు. నిమిషానికి పదిహేను చొప్పున లెక్కేసినా రోజుకు ఇరవై వేలకు పైగా ఊపిర్లు. ప్రతి ఊపిరికీ గాయం కాస్త సాగి, కాస్త ముడుచుకుంటుంది. పైగా దగ్గులు, తుమ్ములు, స్పీడ్ బ్రేకర్ మీద ఆటో ఎగిరిపడటం.

నరానికి తొందర ఉండదు. తెగినా బాగా నలిగినా తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. వీపు పక్క నుంచి రొమ్ము దాకా పాతిక సెంటీమీటర్లు అనుకుంటే, అన్నీ సవ్యంగా సాగినా ఎనిమిది నెలల పైమాట. చిగురు వేస్తున్న ఆ కొస తప్పుడు కబుర్లు పంపుతుంది. తువ్వాలు తగిలితే మంట. జాకెట్టు హుక్కు బిగిస్తే కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం. రొమ్ము కింద అరచేయంత మేర మొద్దుబారి ఉంటుంది, అయినా లోపలెక్కడో సలుపు. కొందరికి పొట్ట పైభాగం ఒకవైపే ఉబ్బెత్తుగా కనిపించి, మళ్లీ గడ్డ లేచిందేమోనని గుండె జారుతుంది. కింది పక్కటెముకల నరాలే పొట్ట కండరాలకూ వెళతాయి. నరం నీరసిస్తే ఆ కండ వదులై ముందుకొస్తుంది.

డాక్టరు ‘నొప్పి ఎలా ఉంది’ అని అడిగితే మనం ‘ఉందండీ’ అని ఊరుకుంటాం. నొప్పికి తెలుగులో ఇన్ని మాటలున్నాయి, వాడితే బాగుండు. మంట, జివ్వుమనడం, తిమ్మిరి, సూదుల పోటు చాలావరకు నరం భాష. వంగినప్పుడో దగ్గినప్పుడో కలుక్కుమంటే కండరం, ఎముకల కీలు. మందు మారేది ఇక్కడే. నరం మంటకు పారాసిటమాల్ పెద్దగా పనిచేయదు. గాబాపెంటిన్, ప్రీగాబలిన్, ఎమిట్రిప్టిలిన్ వంటివి రాస్తారు. చీటీ చూసి మందుల షాపులో ఎవరో ‘ఇది డిప్రెషన్ మాత్ర కదా’ అంటే మర్నాడే మానేసేవాళ్లున్నారు. ఎమిట్రిప్టిలిన్ నిజంగానే ఆ జబ్బుకు వచ్చిన మందు. కానీ తక్కువ మోతాదులో నరాల అలజడిని తగ్గిస్తుంది. వీటితో మొదట్లో మగత, తూలు ఉంటాయి. పెంచడమైనా మానడమైనా డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగానే.

ఇంట్లోవాళ్ల ప్రేమ మీద నాకో ఫిర్యాదు ఉంది. ‘చెయ్యి ఎత్తకు, కుట్లు ఊడతాయి’ అని మంచం దిగనివ్వరు. రెండు నెలలు చెయ్యి ఒంటికి అతికించుకుని కూర్చుంటే భుజం బిగుసుకుపోతుంది, అసలు నొప్పికి ఈ కొసరు తోడవుతుంది. గోడ మీద వేళ్లతో పైకి పాకించడం, మూడు బంతుల స్పైరోమీటరు లాగడం, దగ్గొచ్చినప్పుడు దిండును ఛాతీకి హత్తుకోవడం, ఇవన్నీ ఫిజియోథెరపిస్టు ఆసుపత్రిలోనే నేర్పుతారు. ఇంటికొచ్చాక సాగాలి. అలా సాగాలంటే నొప్పి మాత్ర వేళకు పడాలి కూడా. నొప్పికి భయపడి లోతుగా ఊపిరి తీయనివాళ్లకు కఫం పేరుకుని న్యుమోనియా రావచ్చు.

ఇక అందరి లోపలా ఉన్న ప్రశ్న: తిరగబెట్టిందా? కోత చుట్టూనే ఉండి, చలికి, కదలికకు పెరుగుతూ, మొత్తం మీద నెలనెలా నెమ్మదిస్తున్న నొప్పి సాధారణంగా గాయానిదే. తగ్గి కొన్నాళ్లు ఊరుకుని కొత్తగా మొదలైంది, వారం వారం పెరిగేది, రాత్రి నిద్ర లేపేది, వెన్నులోనో తుంటిలోనో పుట్టింది వేరు. దానికి తోడు బరువు తగ్గినా, గొంతు బొంగురుపోయినా, కళ్లెలో రక్తం పడినా తర్వాతి స్కాన్ తేదీ దాకా ఆగకూడదు. మొదటి రెండేళ్లు ఆరు నెలలకోసారి స్కాన్ తీసేదే తిరగబెట్టే ప్రమాదం అప్పుడెక్కువ కాబట్టి.

గంటల మీద చూడాల్సినవి మరికొన్ని. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే పొడిచినట్టు నొప్పి, ఒక పిక్క మాత్రమే వాయడం రక్తపు గడ్డకు గుర్తులు కావచ్చు. ఛాతీ నడిమధ్య బరువు, చెమటలు అయితే గుండె. దాన్ని ఆపరేషన్ నొప్పి ఖాతాలో రాసేయడం ప్రాణాంతకం. ఏళ్ల తరబడి పొగ తాగినవాళ్ల గుండె కూడా ఆ పొగను భరించిందేగా.

మాత్రలకు లొంగని మంటకు వెన్ను పక్కన, నరం బయల్దేరే చోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చే దారి ఉంది. పెయిన్ క్లినిక్‌లలో మత్తు డాక్టర్లు చేసే పని అది. హైదరాబాద్ ఎంఎన్‌జే వంటి క్యాన్సర్ ఆసుపత్రుల్లో నొప్పిని చూసే విభాగానికి పాలియేటివ్ కేర్ అని బోర్డు ఉంటుంది. అది చివరి రోజుల వైద్యమే అనుకుని, ఆ మాట చదవగానే ‘మా నాన్నకు ఇక అంతేనా’ అని గుమ్మంలోనే ఆగిపోతారు. గడ్డ పూర్తిగా పోయి, కోత మంట మాత్రమే మిగిలినవాళ్లు కూడా ఆ గదిలోకి వెళ్లొచ్చు.