అక్షాల పొందిక

యంత్రం యొక్క సామర్థ్యం దాని భాగాల నాణ్యతపై మాత్రమే ఆధారపడదు. ఆ భాగాలు ఒకదానితో ఒకటి పొసగడంపై కూడా ఆధారపడుతుంది. ఎంత గట్టి కలపతో చక్రాలు చేసినా, ఇరుసు వంకరగా ఉన్న ఎడ్లబండి సాఫీగా సాగదు. మోటారు వాహనాలకూ ఈ సూత్రమే వర్తిస్తుంది.

హైదరాబాదులో మూసీ తీరాన గల అఫ్జల్‌గంజ్‌కు ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. దానికి చేరువనే ఉన్న గౌలిగూడలోని పెద్ద రేకుల షెడ్డు ఎన్నో దశాబ్దాలు బస్సులకు నీడనిచ్చి, 2018 జూలైలో కూలిపోయింది. నిజాం రాజ్యంలో ప్రభుత్వ బస్సుల రవాణా 1932లో 27 బస్సులతో ఆరంభమైంది. నాటి ఆల్బియన్ బస్సులలో ఇంజను ముందు ఉండేది. నడిచేవి వెనుక చక్రాలు. పాత స్పోర్ట్స్ కార్లలో అనేకం ఈ పద్ధతిలో నిర్మించినవే. 1957లో ఇంగ్లండులో వెలువడిన లోటస్ సెవెన్ కారును విడిభాగాలుగా కొని, ఇంటివద్దనే కూర్చుకొనే వీలుండేది. అటువంటి కారును విప్పి మళ్ళీ బిగించేవారికి ఎదురయ్యే ప్రధాన సమస్య శక్తి ప్రయాణించే మార్గాన్ని సరిచేయడం.

ఇంజనులోని క్రాంక్ షాఫ్టు నుండి శక్తి క్లచ్చి, గేరుబాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టుల మీదుగా వెనుక ఇరుసును చేరుతుంది. ఇంజను, గేరుబాక్సుల అక్షాలు ఒకే రేఖపై ఉండాలి. దీనిని కంటితో నిర్ణయించడం అసాధ్యం. అందుచేత క్లచ్చి బిగించకముందే ఫ్లైవీలుకు డయల్ గేజిని అమర్చి, దాని మొనను గేరుబాక్సు కూర్చునే రంధ్రపు అంచుకు ఆనించి, ఇంజనును చేతితో ఒక చుట్టు తిప్పుతారు. గేజి ముల్లు కదిలిన మొత్తంలో సగం అక్షాల మధ్య గల తేడా. అది సాధారణంగా 0.13 మిల్లీమీటరును మించరాదు. మించినచో బేరింగులు త్వరగా అరుగుతాయి, గేర్లు మొరాయిస్తాయి. పిదప క్లచ్చి ప్లేటును పాత గేరుబాక్సు షాఫ్టు ముక్క సాయంతో నడిమధ్యకు తెచ్చి బిగించాలి.

ప్రొపెల్లర్ షాఫ్టు విషయం దీనికి భిన్నమైనది. గతుకుల దారిలో వెనుక ఇరుసు పైకీ కిందికీ కదులుతుంది కనుక షాఫ్టు రెండు చివరలా వంగే కీళ్ళు అవసరం. మెకానిక్కులు వీటిని ‘యూజే క్రాస్’ అంటారు. పదిహేడవ శతాబ్దపు ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరుమీద ఇది ‘హుక్ కీలు’గా ప్రసిద్ధి చెందింది. ఈ కీలు వంగి తిరిగినప్పుడు, ప్రతి చుట్టులో షాఫ్టు వేగం రెండుసార్లు హెచ్చి రెండుసార్లు తగ్గుతుంది. రెండు కీళ్ళ కోణాలు సమానమై, షాఫ్టు రెండు చివరల కవ్వలు ఒకే తలంలో ఉన్నప్పుడు, మొదటిది కలిగించిన హెచ్చుతగ్గులను రెండవది సరిచేస్తుంది. అందువల్ల షాఫ్టును విప్పకముందే దాని రెండు భాగాలపై గుర్తు గీసుకోవాలి.

కోణం పూర్తిగా లేకపోవడమూ మేలు కాదు. అప్పుడు కీలులోని సూదివంటి బేరింగులు దొర్లక, ఒకేచోట ఒత్తుకొని గుంటలు చేస్తాయి. సాధారణంగా ఒకటి నుండి మూడు డిగ్రీల కోణం శ్రేయస్కరం. కారు తన చక్రాలపై నిలిచి ఉండగానే దీనిని కొలవాలి. గాలిలోకి ఎత్తినప్పుడు ఇరుసు కిందికి జారి, కోణం మారిపోతుంది.

ఈ జాగ్రత్తలు అతిశయంగా తోచవచ్చు. కాని ఇటువంటి చిన్న కారులో వేగంగా తిరిగే ఆ షాఫ్టు ప్రయాణికుల పక్కనే, పలుచని రేకు చాటున ఉంటుంది. కీలు విరిగితే ఆ ఇనుపకడ్డీ లోపలివారికీ, దారిన పోయేవారికీ ప్రాణాపాయం కలిగించగలదు. కర్మాగారంలో ఒకరి పనిని మరొకరు తనిఖీ చేస్తారు. ఇంటివద్ద ఒంటరిగా పనిచేసేవానికి గేజి ముల్లే తనిఖీదారు. అది చూపిన తేడాను ‘కొంచెమే కదా’ అని విడిచిపెట్టక, విప్పి మళ్ళీ సరిచేయగల ఓర్పే నిజమైన నైపుణ్యం.