పాదుకా ఆర్కిడ్లు – సంకరణ విద్య

ఆర్కిడ్ పుష్పాలలో కొన్నింటి అడుగురేకు చెప్పు ముందుభాగంవలె సంచి ఆకారంలో ఉంటుంది. వాటిని పాదుకా ఆర్కిడ్లంటారు. వీటిలో ‘పాఫియోపెడిలమ్’ ప్రజాతి ఆసియా అరణ్యాలకు చెందినది.

రెండు భిన్నజాతుల గుణాలను ఒకే పుష్పంలో మేళవించడమే సంకరణం. ఇందుకోసం ఒక జాతి పూవు పుప్పొడిని వేరొక జాతి పూవు కీలాగ్రానికి చేతితో అంటిస్తారు. ఇంగ్లండులోని వీచ్ నర్సరీలో జాన్ డామినీ ఇలా రూపొందించిన ‘హారిసియానమ్’ 1869లో పూచింది. పాదుకా ఆర్కిడ్లలో అదే తొలి సంకరం.

నిపుణులు ప్రతి జాతి గుణాన్నీ ఎరిగి జతకూరుస్తారు. మేఘాలయ కొండలలోని ‘ఇన్సిగ్నే’ మచ్చల సొంపును, అస్సాం ప్రాంతపు ‘స్పైసెరియానమ్’ పై రక్షకపత్రపు తెల్లదనాన్ని, మయన్మార్ ప్రాంతపు ‘విల్లోసమ్’ నిగారింపును సంతతికి అందించాయి. వాటిని తరతరాలుగా కలుపుతూ పెద్దవైన గుండ్రని పూలను సాధించారు.

ఈ కృషికి ఓర్పు అత్యవసరం. ధూళివంటి ఆర్కిడ్ విత్తనాలలో ఆహారనిల్వ ఉండదు. అడవిలో శిలీంధ్రాలు వాటిని పోషిస్తాయి. చక్కెర కలిపిన మాధ్యమంపై శిలీంధ్రం లేకుండానే అవి మొలకెత్తుతాయని 1922లో లూయిస్ నడ్సన్ నిరూపించాడు. అయినా మొలక పూయడానికి కొన్నేళ్లు పడుతుంది. ఒకే కాయలోని విత్తనాలనుండి పుట్టిన మొక్కలన్నీ ఒకే తీరున పూయవు. వాటిలో మేలైనవాటిని ఎంచి, తిరిగి సంకరానికి వినియోగిస్తారు.

ఈ వర్ణవైభవానికి మూలం అడవిజాతులే. మితిమీరిన సేకరణవల్ల, అరణ్యాల నరికివేతవల్ల వాటిలో అనేకం అంతరించే స్థితికి చేరాయి. అందుచేతనే అడవినుండి సేకరించిన ఈ మొక్కల అంతర్జాతీయ వాణిజ్యాన్ని ‘సైటిస్’ ఒప్పందం నిషేధించింది. మూలజాతులను కాపాడుకున్నప్పుడే రేపటి సంకరణకు కొత్త గుణాలు లభిస్తాయి.