బాధకు సాక్షి రోగి ఒక్కడే

న్యూఢిల్లీ: జ్వరాన్ని కొలవడానికి ధర్మామీటరు ఉన్నది. రక్తపోటును కొలవడానికీ సాధనం ఉన్నది. నొప్పికి మాత్రం అటువంటి యంత్రమేదీ లేదు. రోగి నోటిమాటే దానికి కొలబద్ద. బాధపై పరిశోధించే అంతర్జాతీయ సంఘం 1979 నాటి తన నిర్వచనాన్ని 2020లో సవరిస్తూ, నొప్పి ఉన్నదని ఎవరైనా చెబితే ఆ మాటను గౌరవించాలని స్పష్టం చేసినది. నోరు విప్పి చెప్పలేనంత మాత్రాన నొప్పి లేదనుకోరాదని కూడా పేర్కొన్నది.

సున్న నుంచి పది వరకు ఒక అంకె చెప్పమనడం వైద్యుల వాడుక. చిన్నపిల్లలకు నవ్వు నుంచి ఏడుపు దాకా ఆరు ముఖాల బొమ్మలు చూపుతారు. కెనడాలో రోనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రకటించిన ప్రశ్నావళి 78 మాటలను 20 వర్గాలుగా పేర్చి, నొప్పి ఎంత అన్నదే గాక ఎటువంటిదని కూడా అడిగినది. ఇది చాదస్తం కాదు. సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు. నరం దెబ్బతిన్న మంటకు వాడే మందులు కూడా వేరు. రాజధాని ఆసుపత్రులకు వచ్చే మన తెలుగు రోగులు ఈ తేడాలన్నిటినీ ‘దర్ద్’ అనే ఒక్క హిందీ మాటలో ఇముడ్చుకోవలసి రావడం నేను చూస్తూనే ఉన్నాను.

అయితే కొలవడం ఒక ఎత్తు, ఆ కొలతకు తగిన మందు ఇవ్వడం మరొక ఎత్తు. క్యాన్సర్ నొప్పి తీవ్రమైతే మార్ఫిన్ ఇవ్వవలసినదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే మార్గదర్శనం చేసినది. అంతకు ముందు సంవత్సరమే మన పార్లమెంటు మాదకద్రవ్యాల నిరోధక చట్టాన్ని ఆమోదించినది. దొంగ వ్యాపారులకై పన్నిన ఆ వలలో రోగులు చిక్కుకున్నారు. కఠిన శిక్షల భయంతోను, నాలుగైదు లైసెన్సుల బెడదతోను ఆసుపత్రులు మార్ఫిన్ జోలికి పోవడం మానుకున్నాయి. 1997లో యావద్దేశంలో వైద్యానికి వినియోగమైన మార్ఫిన్ సుమారు 18 కిలోలు! మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాలలో ప్రభుత్వ అనుమతితోనే నల్లమందు పండించి ఎగుమతి చేస్తున్న దేశపు దుస్థితి ఇది.

2014 ఫిబ్రవరిలో పార్లమెంటు చట్టాన్ని సవరించినది. అత్యవసర మత్తుమందులకు దేశమంతటా ఒకే విధమైన నిబంధనలు, ఒకే అనుమతి అన్న సూత్రం అమలులోకి వచ్చినది. అయినా, మన దేశంలో అవసరానికి నాలుగు శాతం మేరకే ఇటువంటి మందు అందుతున్నదని 2017లో లాన్సెట్ కమిషన్ లెక్కగట్టినది. చట్టం మారినా భయం మారలేదన్నమాట.

ఆ భయం పూర్తిగా నిరాధారమని నేననను. అమెరికాలో ఇటువంటి మాత్రలను విచ్చలవిడిగా రాసివ్వడం ఎంత వినాశం తెచ్చినదో విదితమే. కాని కోజికోడ్‌లో 1993లో మొదలైన ఉపశమన వైద్యం, తగిన పర్యవేక్షణ ఉంటే రోగి ఇంటి వద్దనే మార్ఫిన్ వాడవచ్చునని నిరూపించినది. కావలసినది నిషేధమూ కాదు, విచ్చలవిడితనమూ కాదు. శిక్షణ పొందిన వైద్యుడు, రోగి భాష తెలిసిన నర్సు, జిల్లా ఆసుపత్రిలో మందు నిల్వ.

‘తొమ్మిది’ అని రోగి చెప్పిన అంకెను కాగితంపై రాసి ఊరుకుంటే అది వైద్యం కాదు, వట్టి గుమాస్తాగిరీ. మందుల కొనుగోలుకు బడ్జెట్లు ఆమోదించే శాసనసభ్యులను, తమ జిల్లా ఆసుపత్రిలో మార్ఫిన్ ఉన్నదా అని ప్రజలు నిలదీసి అడగాలి.