150 గజాల్లో ఇల్లు: ప్లాన్ గీసే ముందు ఏం కొలవాలి?

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఇంటి ప్లాన్ గురించి మాట్లాడుకుందాం. ఫోన్లో "30 బై 45 హౌస్ ప్లాన్" అని కొడితే వందల బొమ్మలొస్తాయి. రంగులు, సోఫాలు అన్నీ బాగుంటాయి. కానీ ఆ బొమ్మకి మీ ఊరి ఎండ తెలీదు, మీ ఇంట్లో ఎవరికి మోకాళ్ళ నొప్పులో తెలీదు. అందుకే మా ఇంటి ప్లాన్‌నే ముందు పెట్టుకుని లెక్కలతో చెప్తాను.

మాది తుని. 2022లో జిల్లాలు మారాక కాకినాడ జిల్లాలోకి వచ్చాం. తాండవ నది దాటితే పాయకరావుపేట. మా స్థలం 150 గజాలు, అంటే మూడు సెంట్ల చిల్లర. తూర్పు రోడ్డు, రోడ్డు వైపు 30 అడుగులు, లోపలికి 45 అడుగులు. ఉండేది ఐదుగురం: అమ్మ, నాన్న, మామ్మ, చెల్లి, నేను. కట్టేది బ్యాంకు లోన్ మీద. గోడ లేచాక పడగొట్టి మళ్ళీ కట్టే స్తోమత మాకు లేదండి. అందుకే మార్పులేవైనా కాగితం మీదే అయిపోవాలి.

మొదటి లెక్క: మీకు నిజంగా ఎంత చోటు మిగులుతుంది? గజం అంటే 9 చదరపు అడుగులు. 150 గజాలంటే 1350. చుట్టూ ఖాళీ వదలాలి కదా. ఎంత వదలాలన్నది స్థలం సైజు, రోడ్డు వెడల్పు, ఇంటి ఎత్తు బట్టి ఉంటుంది. అది లైసెన్స్ ఉన్న ఇంజనీర్‌నే అడగండి, మున్సిపాలిటీ పర్మిషన్ కూడా వాళ్ళ ద్వారానే పెట్టుకోండి. మేం ముందు 5 అడుగులు, మిగతా మూడు వైపులా మూడున్నర చొప్పున వదిలాం. ఇల్లు 23 కి 36.5 అయింది, అంటే సుమారు 840. బయటి గోడలు 9 అంగుళాలు. అవి తీసేస్తే లోపల 21.5 కి 35, అంటే 752. ఒక్క బయటి గోడలే 87 చదరపు అడుగులు తినేశాయి! నెట్లో బొమ్మలు చూసి మోసపోయేది ఎక్కువగా ఇక్కడే.

రెండో లెక్క: గది కాదు, మంచం కొలవండి. నాన్న గీయించిన మొదటి ప్లాన్‌లో మూడు బెడ్‌రూమ్‌లున్నాయి. వినడానికి బాగుంది. అందులో ఒక గది వెడల్పు 8 అడుగులు. నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్పే కనీస వెడల్పు 2.4 మీటర్లు, కాబట్టి కాగితం మీద పాసే. కానీ డబుల్ కాట్ 5 కి ఆరున్నర. అడ్డంగా వేస్తే ఒకటిన్నర అడుగు మిగులుతుంది, నిలువుగా వేస్తే మూడు. ఆ మూడులో రెండు అడుగుల బీరువా పెడితే దాని తలుపు తెరుచుకోదు. అదే పదిన్నర అడుగుల గదిలో మంచం ఆరున్నర, బీరువా రెండు పోగా నడవడానికి ఇంకో రెండు అడుగులుంటుంది. అందుకని కింద రెండే బెడ్‌రూమ్‌లు పెట్టుకున్నాం, ఒక్కోటి 10.5 కి 11.5. ఒకటి అమ్మానాన్నలకి, ఒకటి మామ్మకీ చెల్లికీ. నా గది పైఅంతస్తుకి వెళ్ళింది. అది కట్టేదాకా నాకు హాల్లో దివాన్ కాట్. పర్లేదు, నేను మెట్లెక్కగలను. మామ్మ ఎక్కలేదు.

మూడోది మెట్లు. దీన్ని అందరూ చివర్లో ఇరికిస్తారు. అంతస్తు ఎత్తు పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు. ఒక్కో మెట్టు 7 అంగుళాలైతే 18 ఎత్తులు. మధ్యలో తిరిగే మెట్లకి సుమారు 10 కి 6.5 చోటు కావాలి. అదొక చిన్న గదే కదా! మేం డైనింగ్ చోటు మెట్లకిచ్చేసి, వంటగదిని 11 కి 10.5 చేసి టేబుల్ అందులోనే వేశాం.

మరి వాస్తు? మా నాన్నకి పట్టింపే. ఈశాన్యంలో హాలు, ఆగ్నేయంలో వంటగది, దక్షిణంలో మెట్లు, నైరుతిలో పెద్ద పడకగది. ఆయనా హ్యాపీ, మేమూ హ్యాపీ.

నాలుగోది ఎండ, గాలి. మే నెలలో తుని ఎండ ఎలా ఉంటుందో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. సాయంత్రం ఎండంతా పడమర గోడ మీదే, మా రెండు పడకగదులూ అటే. అందుకే పడమర కిటికీ చిన్నది, 2 కి 3, పైన సన్‌షేడ్. అల్మారాలు కూడా ఆ గోడకే. వేడి నేరుగా మంచం దాకా రాదు. పెద్ద కిటికీ, 4 కి 4, ఒక గదికి దక్షిణాన, ఒక గదికి ఉత్తరాన. ఉక్కపోత ప్రాంతాల్లో కిటికీలు గది వైశాల్యంలో ఆరో వంతు ఉండాలని కోడ్ చెప్తుంది. మా గది 120, ఆరో వంతు 20. రెండూ కలిపితే 22. సరిపోయింది.

మన గోదావరి జిల్లాల మండువా ఇళ్ళు చూసే ఉంటారు. మధ్యలో పైకప్పు తెరిచి ఉంటుంది, వెలుతురూ గాలీ అక్కణ్ణించే. 150 గజాల్లో మండువా పెట్టలేం. కానీ మెట్ల గది పైన వెంటిలేటర్లు పెడితే వేడిగాలి అటు నుంచి పోతుంది. మండువా చేసే పనిలో సగం మెట్లే చేస్తాయన్నమాట.

ఐదోది పునాది ఎత్తు. రోడ్డు వేసిన ప్రతిసారీ కొంచెం పైకి లేస్తుంది. తుఫాను వాన పడితే నీళ్ళు కిందున్న ఇంట్లోకే. మేం రోడ్డు కంటే 2 అడుగులు పెట్టాం. మరి మామ్మ ఎలా ఎక్కాలి? సురక్షితమైన వాలు అంటే ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. రెండడుగులకి 24 కావాలి, మా ముందున్నది 5. అందుకే ర్యాంప్ బదులు 6 అంగుళాల మెట్లు నాలుగు, రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీ. మామ్మ వాడే బాత్‌రూమ్‌లో కూడా కమ్మీ, జారని టైల్స్.

ఆఖరిగా ఒక్క పని చెయ్యండి. ప్లాన్ ఓకే అనేముందు, ఖాళీ స్థలంలో టేపుతో కొలిచి ముగ్గుతో అసలు సైజులో గీయండి. తలుపుల దగ్గర గ్యాప్ వదలండి. ఫోన్లో దిక్సూచి చూసేటప్పుడు బండికి, ఇనప గేటుకి దూరంగా నిలబడండి. తర్వాత ఇంట్లో అందరినీ ఆ గీతల్లో నడవమనండి. రాత్రి మంచం దిగి బాత్‌రూమ్‌కి ఎటు వెళ్తారో, బిందె ఎటు తెస్తారో చూడండి. మా మామ్మకి ప్లాన్ కాగితం చదవడం రాదు. ముగ్గులో నడిచి, "ఈ తలుపు ఇటు తెరిస్తే నేను వెనక్కి జరగాలి కదరా" అంది. తలుపు అటు తిప్పేశాం. ముగ్గు కాబట్టి చెరిపి మళ్ళీ గీశాం, రూపాయి ఖర్చు లేదు. అదే గోడయ్యుంటే?